రెండో దారి లేని దీవి

మారిషస్ పేరు చెబితే మనవాళ్లకి తెల్లటి ఇసుక, సినిమా పాటలు, కొత్తగా పెళ్లయిన జంటల ఫొటోలు గుర్తొస్తాయి. అవన్నీ అక్కడ ఉన్నాయి, అందంగానే ఉన్నాయి. కానీ విశాఖపట్నం మనిషిని కదా, నా కళ్లు ముందు ఇళ్ల కప్పుల మీదికి పోయాయి. 2014లో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి ఏ కొత్త ఊళ్లో అడుగుపెట్టినా కప్పుల వంక చూసే అలవాటు ఉండిపోయింది. విమానాశ్రయం నుంచి మాహెబూర్గ్ వెళ్లే దారికి రెండు పక్కలా చెరకు తోటలు. తోటల మధ్య అక్కడక్కడా నల్లరాళ్ల గుట్టలు. చెరకు వేయడానికి ఎప్పుడో ఏరి పోసిన అగ్నిపర్వతపు రాళ్లవి. ఊరు తగిలిన ప్రతిచోటా ఇళ్లు ఒకే పద్ధతిలో ఉన్నాయి. బల్లపరుపు కాంక్రీటు శ్లాబు, దాని మీద నీళ్ల ట్యాంకు, గాలికి లేచిపోకుండా ట్యాంకుకి బిగించిన ఇనుప పట్టీలు, కిటికీలకి బయటివైపు గట్టి తలుపులు. రంగు వెలిసిన ఇల్లయినా, ఒక్క గది ఇల్లయినా కప్పు మాత్రం కాంక్రీటే. రేకుల ఇళ్లు లేకపోలేదు గానీ వెతుక్కోవాలి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరం వెంట ఇన్ని పక్కా కప్పులు ఎప్పటికి చూస్తామో అనిపించింది. ఆ మెచ్చుకోలు తర్వాత కొంత మారింది. ఎందుకు మారిందో రాజధాని పోర్ట్‌లూయీ చేరాక చెబుతాను.

మాహెబూర్గ్ ఆగ్నేయ తీరంలో పాత ఊరు. సోమవారం సంత పెద్దది. చీర గుడ్డలు, ఎండు చేపలు, లీచీ మొక్కలు, ప్లాస్టిక్ బకెట్లు అన్నీ ఒకే వరసలో పెట్టి అమ్ముతున్నారు. సంత చివర ఒకాయన ధాల్‌పురీలు చేస్తున్నాడు. ఉడికించి పొడి చేసిన శనగపప్పుని మైదా పిండిలో పెట్టి పల్చగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. మన బొబ్బట్టులో బెల్లం మానేసి, పైన బీన్స్ కూర, రుగాయ్ అనే టమాటా కూర, నూరిన పచ్చిమిరప ముద్ద పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రెండేసి కలిపి చుట్టి కాగితంలో పెట్టి ఇస్తాడు. నిలబడి తినాలి, చేతికి కారుతుంది, మళ్లీ అడగాలనిపిస్తుంది.

నేను ఇంకో జత అడిగితే ఆయన నవ్వి, ఇందులో మా దీవిది ఏముందో చెప్పుకోండి చూద్దాం అన్నాడు హిందీలో. మిరపకాయ అన్నాను. టమాటా కూడా అన్నాడు. గోధుమ అక్కడ పండదు. పప్పు పండదు. నూనె బయట నుంచే రావాలి. బియ్యం కూడా దాదాపు అంతా ఓడలోనే వస్తాయి. మారిషస్ తినే తిండిలో నాలుగింట మూడు వంతులు దిగుమతే. 2023లో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు, మారిషస్‌కి ప్రత్యేకంగా 14,000 టన్నులు పంపడానికి అనుమతి ఇచ్చింది. అప్పట్లో పేపర్లో ఆ వార్త చదివి మర్చిపోయాను. ఢిల్లీలో సంతకం పెట్టిన ఆ కాగితం ఎవరి కంచంలో అన్నమో ఆ పెనం దగ్గర నిలబడ్డాక తెలిసింది.

సంతకి కాస్త దూరంలోనే పాయింట్ దెనీ. సముద్రం అక్కడ రెండు రంగుల్లో ఉంటుంది. ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చ, దూరంగా ముదురు నీలం, రెండింటికీ నడుమ అలలు విరిగే తెల్లటి గీత. ఆ గీతే పగడపు దిబ్బ. దీవి చుట్టూ చాలాచోట్ల అలా కంచె కట్టినట్టు ఉంటుంది. తుపాను అలల ధాటికి ముందుగా ఎదురు నిలిచేది అదే. ఇంజనీర్లు కట్టనిది, జీతం అడగనిది, ఈ దేశానికున్న మొదటి గోడ అది.

2020 జులై 25న వాకాషియో అనే పెద్ద సరుకు ఓడ సరిగ్గా ఆ గోడనే గుద్దుకుంది. జపాన్ వాళ్ల ఓడ, బ్రెజిల్‌కి ఖాళీగా పోతోంది. ఆగస్టు 6న ఇంధనం కారడం మొదలైంది. దాదాపు 1,000 టన్నుల చమురు ఆ ఆకుపచ్చ నీళ్లలో కలిసింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి ఆ రోజులు చెప్పాడు. ఏం చేయాలో పైనుంచి మాట వచ్చే లోపలే జనం చెరకు తోటల్లోకి పరిగెత్తారట. ఎండిన చెరకు ఆకు మోపులు మోపులుగా తెచ్చి, పొడుగాటి గుడ్డ గొట్టాలు కుట్టి, వాటిలో ఆకు కూరి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి నీళ్లలోకి తోశారు. ఆకు దూర్చిన తీరు చేతులతో చేసి చూపించాడు. ఒక చెయ్యి గొట్టం, ఇంకో చెయ్యి కూరడం. "మరీ గట్టిగా కూరితే మునుగుతుంది, వదులైతే నూనె పీల్చదు, ఆ కొలత రెండో రోజుకి అందరికీ వచ్చేసింది" అన్నాడు. ఆడవాళ్లు కుట్టుమిషన్లు వీధిలోకి తెచ్చుకున్నారట. జుట్టు నూనెని పీలుస్తుందని విని సెలూన్లలో జుట్టు ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. సాయం కూడా వచ్చింది. పక్కనున్న రీయూనియన్ దీవి నుంచి ఫ్రెంచి సైనిక విమానం వచ్చింది. మన దేశం 30 టన్నుల పరికరాలు, కోస్ట్‌గార్డ్ నిపుణుల బృందాన్ని విమానంలో పంపింది. అవి వచ్చేదాకా సముద్రాన్ని కాచింది చెరకు ఆకు.

ఆ జాలరి మాటల్లో గొప్ప చెప్పుకోవడం లేదు. ఎవరో వస్తారని కూర్చునే అవకాశం మాకు లేదు అన్నట్టుగా చెప్పాడు. దీవిలో బతికేవాళ్ల స్వభావం ఇదేనేమో అనుకున్నాను. తర్వాత కలిసిన చాలామందిలో అదే కనిపించింది.

అక్కడి నుంచి దక్షిణ తీరం వెంట సాగాను. సూయాక్ దగ్గర గ్రిగ్రీ అనే చోట పగడపు దిబ్బ తెగిపోతుంది. అంతవరకూ మెత్తగా ఒడ్డుకి చేరే సముద్రం అక్కడ నేరుగా నల్లటి కొండచరియని కొడుతుంది. మాట వినపడదు. చరియ మీద నిలబడితే ముఖం తడుస్తుంది. దిబ్బ ఏం పని చేస్తోందో తెలియాలంటే దిబ్బ లేని చోట నిలబడి చూడాలి.

ఇంకా పడమరకి పోతే రివియేర్ దే గాలే అనే చిన్న ఊరు. ఇసుక తక్కువ, గుండ్రటి రాళ్లు ఎక్కువ. పెద్ద ఉప్పెన అలలు లేచినప్పుడల్లా నీళ్లు ఇళ్లలోకి వస్తాయని పేరుపడిన ఊరు. అంతర్జాతీయ నిధులతో తీరరక్షణ పనులకి ఎంచుకున్న మూడు చోట్లలో ఇదొకటి. ఒడ్డున బండరాళ్లు పేర్చి ఉన్నాయి. వాటి వెనకే ఇళ్లు, నాలుగంగల్లో వంటగది తలుపు. ఒకావిడ గుమ్మంలో కూర్చుని ఆకుకూర బాగుచేస్తోంది. అలల హెచ్చరిక వస్తే ముందు ఏం తీస్తారని అడిగాను. ఆలోచించుకోవాల్సిన పనే లేకుండా చెప్పింది: గ్యాస్ సిలిండరు, బియ్యం డబ్బా, పిల్లల బడి పుస్తకాలు, ఆ వరసలో. ఫ్రిజ్ కింద ఎప్పుడూ నాలుగు ఇటుకలు ఉంటాయి. లోపలికి పిలిచి చూపించింది. ఇటుకలకి కూడా గోడ రంగే వేసి ఉంది, అవి ఇంటి సామానులో భాగమైపోయాయి.

నాకు ఉప్పాడ గుర్తొచ్చింది. కాకినాడ పక్కన సముద్రం ఊరిని కొరుక్కుంటూ వస్తుంటే, రోడ్డు కొట్టుకుపోతే మళ్లీ వేస్తున్నాం, గోడ కడితే అది కూడా కుంగుతోంది. అక్కడివాళ్లు ఒక వీధి వెనక్కి, తర్వాత ఇంకో వీధి వెనక్కి జరిగారు. అది బాధే. అయినా వెనక ఒక జిల్లా ఉంది, జిల్లా వెనక రాష్ట్రం ఉంది. రివియేర్ దే గాలే వెనక చెరకు తోట, తోట వెనక కొండ, కొండ అవతల మళ్లీ సముద్రం. ఈ దీవి మొత్తం వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. పన్నెండు లక్షల మంది పైచిలుకు ఉన్నారు.

దీవి నడుమ పీఠభూమి ఎక్కేసరికి వాతావరణమే మారిపోయింది. సన్నటి మంచు, చలి, పైన్ చెట్లు. వాకోవా ప్రాంతంలో ఒక తెలుగు టీచరు గారింటికి వెళ్లాను. అక్కడి బడుల్లో తెలుగు చెబుతారు. ఆవిడ మహాత్మాగాంధీ సంస్థలో చదువుకున్నారు. తెలుగు నిదానంగా, ప్రతి మాటా పూర్తిగా పలుకుతారు. "దయచేసి లోపలికి రండి, మీ రాక మాకు ఎంతో సంతోషం" అన్నారు గుమ్మంలోనే. వాళ్లింట్లో మాట్లాడుకునేది క్రెయోల్ అనే అక్కడి భాష. పండగలు మాత్రం మనవే. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, రామభజన, అమ్మోరు. అప్పన్న పేరు వినగానే, మా ఇంటి నుంచి ఆ కొండ కనిపిస్తుందండీ అన్నాను. ఆవిడ మామగారు క్రెయోల్‌లో మాట్లాడుతున్నవారు ఠక్కున ఆగి, రెండు చేతులూ జోడించారు.

అరిటాకులో భోజనం పెట్టారు. పనసకాయ కూర, గుమ్మడికాయ, పప్పు, ఆకుకూర చారు, పచ్చడి. చేతులు కడుక్కోబోతే కుళాయిలో నీళ్లు రాలేదు. టీచరు గారు ఏమీ అనకుండా బకెట్లోంచి చెంబుతో పోశారు. అది అక్టోబరు నెల. వానల్లేని కాలం ముగుస్తున్న రోజులు. నీళ్లు వేళలు చూసుకుని వస్తాయి, ఆ వేళకి మనం ఇంట్లో ఉండాలి. పైన ట్యాంకు ఉన్నది అందుకే. ట్యాంకు కొనుక్కునేవాళ్లకి ప్రభుత్వం డబ్బు సాయం కూడా చేస్తుంది.

ఇది నాకు అంతుపట్టలేదు. ఈ దీవిలో ఏడాదికి సగటున 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో పడేదానికి దాదాపు నాలుగింతలు. ఈ పీఠభూమి మీద కొన్నిచోట్ల 4,000 దాకా పడుతుంది. అలాంటి చోట కుళాయి ఎండటమేమిటి? మర్నాడు మార్-ఓ-వాకోవా జలాశయం చూశాక కొంత అర్థమైంది. దేశంలో అన్నిటికన్నా పెద్ద జలాశయం ఇదే. పైన్ చెట్ల మధ్య విశాలంగా పరుచుకుని ఉంది. నీళ్లు వెనక్కిపోయి అంచున బురద నెర్రెలిచ్చింది. అగ్నిపర్వతపు నేల, నిటారు వాలు. కురిసిన వాన గంటల్లో సముద్రంలో పడుతుంది. పట్టి ఉంచే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పట్టిన నీళ్లయినా ఇంటిదాకా వస్తాయా అంటే, సగానికి పైగా దారిలోనే పోతాయి. ఏళ్లనాటి పైపులు భూమిలో కారిపోతుంటాయి. జలాశయం కట్టడం కంటికి కనిపించే పని, శిలాఫలకం వేసుకోవచ్చు. పైపు మార్చడం రోడ్డు తవ్వి జనంతో తిట్టు తినే పని. ఏ దేశంలోనైనా రెండోది ఎందుకు వెనకబడుతుందో చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి టీచరు గారి మామగారు 1960 తుపాను గురించి చెప్పారు. ఆయన క్రెయోల్‌లో చెప్పడం, ఆవిడ తెలుగులో నాకు అందించడం. అప్పటికి ఆయన చిన్నపిల్లవాడు. చెరకు ఎస్టేటు కాంపులో గడ్డి కప్పు గుడిసె. జనవరిలో అలిక్స్ అనే తుపాను వచ్చి గడ్డి లేపేసింది. మళ్లీ కప్పుకున్నారు. ఫిబ్రవరి చివర కెరోల్ వచ్చింది. గాలి గంటకి 256 కిలోమీటర్ల దాకా వీచింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. తుపాను కన్ను దీవి మీదకి వచ్చింది, అది ఎంత పెద్దదంటే దీవి మొత్తం దానిలో ఇమిడిపోయింది. గంటల కొద్దీ గాలి లేదు. పిల్లలు బయటికొచ్చి రాలిన కాయలు ఏరుకున్నారు. వాళ్లమ్మ తడిసిన బియ్యం చాప మీద ఆరబోసిందట. కాంపులో ఒక ముసలాయన మాత్రం ఇంటింటికీ తిరిగి, ఇది అయిపోలేదు, చక్కెర మిల్లు రాతిగోడల్లోకి పదండి అని అరిచాడు. కొందరు వెళ్లారు. కాసేపటికి గాలి అటునుంచి ఇటు మొదలైంది. మొదటి సగంలో ఒక పక్కకి వంగి నిలబడ్డవన్నీ రెండో సగంలో పడిపోయాయి.

దేశం మొత్తం మీద 42 మంది పోయారు. ఇళ్లు మాత్రం వేలకి వేలు నేలమట్టమయ్యాయి. కాంక్రీటు దీవి అప్పుడు పుట్టింది. ప్రభుత్వం సెంట్రల్ హౌసింగ్ అథారిటీ పెట్టి వరసలు వరసలుగా పక్కా ఇళ్లు కట్టించింది. సొంతంగా కట్టుకునేవాళ్లు కూడా గడ్డి, రేకు వదిలేశారు. 1975లో జెర్వేజ్ అంతకన్నా గట్టిగా, 280 కిలోమీటర్ల వేగంతో వచ్చినా ప్రాణనష్టం చాలా తక్కువ. ఒక దేశం దెబ్బ తిని పదిహేనేళ్లలో అంత నేర్చుకోవడం మామూలు విషయం కాదు. మనకి 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తుపాను షెల్టర్లు వచ్చాయి గానీ ఊరి ఇళ్లు అంత వేగంగా మారలేదు.

టీచరు గారు అల్మారా కింది అర తీసి చూపించారు. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బ్యాటరీ రేడియో, సార్డీన్ చేపల డబ్బాలు, నూడుల్స్ పొట్లాలు, మందులు. నవంబరు 1 నుంచి తుపానుల కాలం, అందుకని అప్పుడే సర్ది పెట్టారు. అక్కడ హెచ్చరికలు నాలుగు తరగతులు. ఒకటో తరగతి అంటే తుపాను గాలులకి 36 నుంచి 48 గంటల ముందు. మూడో తరగతి వచ్చిందంటే ఆఫీసులు, బస్సులు ఆగుతాయి, అందరూ ఇంట్లో ఉండాలి. ఏ తరగతి నడుస్తోందో ఐదేళ్ల పిల్లకి కూడా తెలుస్తుందట. వాళ్ల మనవరాలిని అడిగితే పాట పాడినట్టు నాలుగూ అప్పజెప్పింది.

పోర్ట్‌లూయీకి మెట్రోలో దిగాను. మన దేశం ఇచ్చిన డబ్బుతో, మన కంపెనీ కట్టిన లైను. 1964లో మూసేసిన పాత రైలు దారి చాలాభాగం మళ్లీ దీనికి పనికొచ్చింది. కిటికీలోంచి వేలు ఎత్తినట్టుండే లె పూస్ కొండ, తల మీద బండ మోస్తున్నట్టుండే పీటర్ బోత్ కొండ. రైలు దిగి చూస్తే కాసేపు విశాఖలో ఉన్నట్టే ఉంది. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క రేవు, మధ్యలో ఊరు.

కోడాన్ అనే చోట హైవే కింద నుంచి నడిచిపోయే సొరంగం ఉంది. 2013 మార్చి 30న రెండు గంటల్లోపు 150 మిల్లీమీటర్ల పైగా వాన పడింది. తుపాను కాదు, మామూలు వాన, ఒక్క ఊరి మీద కుమ్మరించింది. కొండల మీంచి వచ్చిన నీళ్లు వీధుల్లో నదులై ఈ సొరంగంలోకి, ఒక భవనం కింది పార్కింగులోకి దూకాయి. 11 మంది చనిపోయారు. ఎక్కువమంది నేలకింద చిక్కుకున్నవాళ్లే. నేను వెళ్లిన రోజు సొరంగం పొడిగా, వెలుతురుగా ఉంది. స్కూలు పిల్లలు ఐస్‌క్రీము తింటూ దాటుతున్నారు.

కప్పుల మీద నా మెచ్చుకోలు మారింది అక్కడే. గాలికి భయపడి ఈ దేశం కాంక్రీటు పోసుకుంది. ఇంటికి పోసింది, పెరడుకి పోసింది, వీధికి పోసింది, కొండ నుంచి వచ్చే వాగు మీద కూడా మూత వేసింది. 2009లో ఐరోపా చక్కెరకిచ్చే హామీ ధర పోయాక చెరకు గిట్టుబాటు తగ్గింది. తోటలు ప్లాట్లయ్యాయి, విల్లాలయ్యాయి. వానని తాగే నేల తగ్గిపోయింది. పైగా ఊరికీ సముద్రానికీ అడ్డంగా హైవే. గాలిని ఆపిన కాంక్రీటే నీళ్లకి దారి లేకుండా చేసింది. 1960లో కాంక్రీటు తప్పు అని ఎవరనగలరు? ఆ ఇళ్లే ఎన్నో ప్రాణాలు కాచాయి. ఒక ఆపదకి కట్టిన కోట ఇంకో ఆపదకి చెరువుగట్టు అవుతుందని అప్పుడెవరూ చూడలేదు, ఇప్పుడు చూస్తూ కూడా కడుతున్నారు. నా ఫిర్యాదు ఆ రెండోదాని మీదే. 2017లో డ్రైనేజీ కోసం ప్రత్యేకంగా ఒక అథారిటీ పెట్టారు. 2024 జనవరి 15న బెలాల్ తుపాను పక్కనుంచి పోతే చాలు, పోర్ట్‌లూయీ వీధుల్లో కార్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. జనం అప్పటికే ఉద్యోగాలకి బయల్దేరి ఉన్నారు. హెచ్చరిక ఆలస్యమైందని గొడవై వాతావరణ శాఖ అధిపతి తప్పుకున్నారు.

విశాఖలో మనం గెడ్డల మీద ఏం కట్టామో నాకు తెలుసు. అందుకే ఆ సొరంగం దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఊరి మధ్య గుట్ట మీద పాత కోట ఉంది, సిటడెల్ అంటారు. పైకెక్కితే రేవు మొత్తం ఒక్క చూపులో పడుతుంది. కంటెయినర్ల క్రేనులు, చమురు ట్యాంకులు, గోధుమ పిండి మర, చక్కెర గోదాము, ఫోర్ జార్జ్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. దేశం తినేది, తగలబెట్టేది, వెలిగించేది అంతా ఆ నీళ్ల అంచునే ఉంది. ఇంకో పెద్ద రేవు లేదు. కరెంటులో నూటికి దాదాపు 80 పాళ్లు దిగుమతి చేసుకున్న బొగ్గు, నూనెతో వచ్చేదే. మిగతాది చెరకు పిప్పి, నీళ్లు, ఎండ. పెట్రోలు, డీజిలు చాలా ఏళ్లపాటు మన మంగళూరు రిఫైనరీ నుంచే వెళ్లాయి. తుపాను వస్తుందంటే ఓడల్ని రేవు వదిలి నడిసముద్రంలోకి పొమ్మంటారు. ఇంటర్నెట్ కూడా సముద్రం అడుగున వేసిన కొద్ది తీగల మీదే నడుస్తుంది. 2002లో వచ్చిన సేఫ్ కేబుల్ దక్షిణాఫ్రికా నుంచి ఈ దీవిని తాకి మన కొచ్చి మీదుగా మలేసియా పోతుంది.

హుద్‌హుద్ తర్వాత మా వీధికి కరెంటు తెచ్చిన లైన్‌మెన్ మా ఊరివాళ్లు కారు. తెలంగాణ, ఒడిశా, తమిళనాడు నుంచి స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు లారీల్లో వేసుకుని వచ్చారు. వాళ్లకి మా వీధివాళ్లు ఉప్మా పెట్టారు. మా గ్రిడ్డు పడిపోతే పక్కవాళ్ల గ్రిడ్డు ఉంది, మా రేవు మూసుకుంటే గంగవరం ఉంది, కాకినాడ ఉంది. సిటడెల్ మీద నిలబడితే, 1994లో హొలాండా తుపాను ఇక్కడి తీగల్ని తెంపినప్పుడు ఏ లారీ వచ్చి ఉంటుందని ఆలోచన వచ్చింది. ఏ తీగా సముద్రం దాటి పక్క దేశపు గ్రిడ్డుకి కలవదు. అన్నిటికన్నా దగ్గరి పొరుగు రీయూనియన్, 200 కిలోమీటర్ల పైన. బెలాల్ ముందు కొట్టింది రీయూనియన్‌నే, అదే రోజున. సాయం చేయాల్సిన పొరుగుకీ అదే తుపాను.

కోట దిగి ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్లాను. 1834 నుంచి 1920 దాకా భారతదేశం నుంచి కూలీలు దిగిన చోటు. దాదాపు ఐదు లక్షల మంది ఈ రేవున అడుగుపెట్టారు. రాతి మెట్లు పదహారు. వాటిలో కొన్ని మీద ఇప్పటికీ అరుగుదల తెలుస్తుంది. మనవాళ్లు చాలామంది కోరంగి నుంచి ఓడెక్కారు. ఇప్పటి కాకినాడ పక్కన గోదావరి పాయ ఒడ్డున, ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మళ్లీ తుపాను ఉప్పెన దాన్ని ముంచేసింది. ఆ దెబ్బ నుంచి కోరంగి తేరుకోలేదు. రేవు పోయిన ఊరి నుంచి, పంట లేని పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఒకే ఒక్క రేవున్న దీవిలో దిగారు. దిగినవాళ్లకి 1892లో ఏప్రిల్ నెలలో తుపాను వచ్చి 1,200 మంది దాకా పోయారు. అయినా ఉన్నారు, చెరకు నాటారు, బడి పెట్టుకున్నారు, అప్పన్నని తెచ్చుకున్నారు. ఆ మెట్ల దగ్గర నాకు దిగులు వేయలేదు. గౌరవం కలిగింది.

ఈ దేశం తప్పు చేయని వాటికి కూడా మూల్యం చెల్లిస్తోంది. వేడెక్కుతున్న సముద్రంలో పగడపు దిబ్బ తెల్లబారి చస్తోంది. దాన్ని వేడెక్కించిన పొగలో పన్నెండు లక్షల మంది వాటా ఎంతని? రివియేర్ దే గాలే బండరాళ్లకి డబ్బిచ్చేవాళ్లు దానం చేస్తున్నట్టు అనుకోకూడదు, బాకీ తీరుస్తున్నట్టు అనుకోవాలి. అదే సమయంలో పైపులు కారనివ్వడం, వాగులు మూసేయడం, చెరకు తోటని అడ్డగోలుగా ప్లాట్లు చేయడం బయటివాళ్లు చేసింది కాదు. ఈ మాట టీచరు గారి భర్తే నాతో అన్నారు, నేను సొంతంగా అనే ధైర్యం చేసేదాన్ని కాదు. ఒక్క రేవు, ఒక్క గ్రిడ్డు ఉన్నవాళ్లు ఆ ఒక్కదాన్నీ రెండింతలు జాగ్రత్తగా చూసుకోవాలి అన్నారాయన.

మీరు మారిషస్ వెళ్లేవాళ్లయితే బీచ్‌లు ఎలాగూ చూస్తారు. ఒక రోజు తీసి మాహెబూర్గ్ సంత, మార్-ఓ-వాకోవా, ఆప్రవాసీ ఘాట్ చూడండి. వానల్లేని కాలం చివర వెళితే హోటల్లో స్నానం నీళ్లు తగ్గించి వాడండి. పెద్ద హోటళ్లు కొన్ని సముద్రపు నీటిని శుద్ధి చేసుకుంటాయి, పక్క ఊరికి ఆ సౌకర్యం లేదు.

2025 మార్చిలో మన ప్రభుత్వం మారిషస్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. 100 కిలోమీటర్ల పాత నీటి పైపులు మార్చడానికి రూపాయల్లో అప్పు ఇస్తోంది, 487 కోట్లకి పైగా. మెట్రోకి వచ్చినంత పేరు దీనికి రాలేదు. నన్నడిగితే ఆ దీవికి మనం చేసినవాటిలో మెట్రో కన్నా ముందు రావాల్సిన పని ఇదే.